దేవుడు తండ్రి అయితే ఒడిబియ్యం ఎవరు పోయాలి?

ఈ కింద రాసినదంతా నిజం. ఒక్క ముక్క కల్పించలేదని, ఒక్క గింజ పెంచలేదని ప్రమాణం చేసి చెబుతున్నాను. ప్రమాణాలు చేయకూడదని ఇరవై ఎనిమిదేళ్ళు గుడిలో నిలబడి చెప్పినవాణ్ణి నేనే. కానీ అలా చెప్పడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు.

ఈ ఐదు వాక్యాలు చదివి మా ఇంటామె సుగుణ, "అంత నిజమేనని మొదాలే రాసిన్రా? ఇగ సదివెటోళ్ళకు గాడికెల్లే అనుమానం షురూ అయితది," అంది. ఆమెను చర్చి సంఘంలో అందరూ అమ్మగారు అంటారు. నన్ను అయ్యగారు అంటారు. ఇంట్లో మాత్రం ఎవరు పాస్టరో ఇప్పటికీ తేలలేదు.

యాభై ఆరేళ్ళకే రిటైరయ్యాను. కరీంనగర్‌లో డాక్టరు నా గొంతులోకి లైటు వేసి చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. పాస్టర్నని చెప్పాను. "మైకు లేదా?" అన్నాడు. "మైకుంది, కరెంటు లేదు," అన్నాను. ఇక బిగ్గరగా మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందన్నాడు. మెల్లగా మాట్లాడే పాస్టరును ఏ సంఘం ఉంచుకుంటుంది? గొంతు పోయింది, నోరు మాత్రం మిగిలింది. దాన్ని ఏం చేయాలో తెలియక ఇది రాస్తున్నాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగితే రాస్తున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఎవరూ అడగలేదు.

నా బదిలీలు, రిజిస్టర్లు, నా హయాంలో కట్టిన ప్రహరీ గోడ గురించి రాయను. గోడ అక్కడే ఉంది, వెళ్ళి చూసుకోవచ్చు.

ఒక్క దేవుని వాళ్ళు

మొదటి పోస్టింగ్ ఉట్నూర్ వైపు అడవి పల్లెలు. జీపెక్కితే డ్రైవరుతో కలిపి ఇరవై ముగ్గురం. డ్రైవరుకు చోటు లేక సగం బయట కూర్చుని, స్టీరింగు మాత్రం లోపల ఉంచుకున్నాడు. దిగేసరికి నా ప్రసంగం కాగితం ఒక మేక తినేసింది. అందుకని గుర్తున్నంత వరకు చెప్పాను. దేవుడు ఒక్కడే, మనమంతా ఆయన బిడ్డలం, మనది ఒకే కుటుంబం.

ఒక గోండు పెద్దమనిషి చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక దగ్గరికి పిలిచాడు.

"మీ దేవుడు ఒక్కడేనా?"

"ఒక్కడే తాతా."

"మీరంత గా ఒక్క దేవుని బిడ్డలేనా?"

"అందరం."

"మరి మీకు పిల్లనెవలిస్తరు?"

గోండుల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, ఐదు దేవుళ్ళ వాళ్ళు, ఆరు, ఏడు దేవుళ్ళ వాళ్ళు అని లెక్క ఉంది. ఒకే లెక్కలో ఉన్నవాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. పిల్లను ఇంకో లెక్క వాళ్ళ నుంచి తెచ్చుకోవాలి. ఒక్క దేవుడి వాళ్ళందరూ ఒకటే అయితే మా వంశం ఈ తరంతో ఆగిపోతుందని ఆయన బాధ. నాకప్పటికి పెళ్ళి కాలేదు. ముసలాయన నన్ను జాలిగా చూసి మజ్జిగ ఇప్పించాడు.

ఈ సంగతి మా పై అధికారికి చెప్పాను. ఆయన్ని పెద్దయ్యగారు అనేవాళ్ళం. "గిసొంటియి రిపోర్టుల రాయకు. జల్ది పెండ్లి జేస్కో," అన్నాడు. చేసుకున్నాను. ఆయన ఇచ్చిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటే.

ఆ ముసలాయనకు కుటుంబం అనగానే ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరు ఎవరికి ఏం చేయాలి అన్నది గుర్తొచ్చింది. నాకు కుటుంబం అనగానే ఒక పాట గుర్తొచ్చింది. ఈ తేడా తెలియడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. తెలిపింది శ్రీరాంపూర్‌లో సరోజన.

"ఆత్మీయంగ అంటే ఉత్తగనా?"

శ్రీరాంపూర్‌లో మా సంఘమంటే బాయిల మీద పనిచేసే వాళ్ళు. బాయి అంటే అక్కడ నీళ్ళ బావి కాదు, బొగ్గుగని. ఇంకో నిజం కూడా చెప్పాలి. సంఘమంటే మూడు ఇంటిపేర్లు. ముగ్గురు అన్నదమ్ముల పిల్లలు, వాళ్ళ బావమరుదులు, వాళ్ళ పిల్లలు. 'మనమంతా ఒకే కుటుంబం' అని నేను ఆదివారం చెబితే వాళ్ళు ఆమెన్ అనేవాళ్ళు. ఎందుకనరు? వాళ్ళకది వాక్యం కాదు, రేషన్ కార్డు.

ఆ గుడిలో ఎవరికీ ఏమీ కాని మనిషి ఒక్కతే, సరోజన. చిన్న పట్నంలో పవర్‌లూమ్ నేసే ఇంటి బిడ్డ. మా సంఘం కుర్రాడు దానయ్యను ఇష్టపడి, ఇల్లు విడిచి వచ్చింది. బాప్తిస్మం తీసుకుంది. అప్పటికి పద్దెనిమిదేళ్ళయినా ఆమె బాపు గానీ, అన్న గానీ ఈ గడప తొక్కలేదు. బాపు పోయినప్పుడు కబురు కూడా నెల తరువాత అందింది.

ఒక ఆదివారం దేవుని కుటుంబం గురించి చాలా గొప్పగా చెప్పాను. ఆ రోజు కరెంటు కూడా ఉంది. అయిపోయాక సరోజన చెప్పులు వేసుకోకుండా గడప దగ్గర నిలబడింది.

"వందనాలయ్యగారూ. జర ఒక్క మాట అడుగుత, కోపం జెయ్యద్దు."

"అడుగు బిడ్డా."

"దేవుడు మనకు తండ్రి అన్నరు గద?"

"అన్న."

"గుడి మనిల్లు అన్నరు."

"అన్న."

"అయితె గిది నా తల్లిగారిల్లే గద?"

"ముమ్మాటికి నీ తల్లిగారిల్లే!" గొంతు బాగున్న రోజులు. గట్టిగానే అన్నాను.

"అయితె వచ్చే నెల మా కొత్తింటి ప్రార్థన. నా ఒడిబియ్యం ఎవలు తెస్తున్నరు?"

మా వైపు వాళ్ళకు ఇది చెప్పనక్కర లేదు. ఇతర ప్రాంతాల వాళ్ళ కోసం చెబుతున్నాను. పెళ్ళయిన ఆడబిడ్డకు కొన్నేళ్ళకొకసారి, కొత్తిల్లు కట్టుకున్నప్పుడు తప్పనిసరిగా, తల్లిగారింటి వాళ్ళు, అంటే పుట్టింటి వాళ్ళు, చీర, రవిక, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు తెచ్చి ఆమె కొంగులో పోస్తారు. నువ్వెళ్ళిపోయినా మా బిడ్డవేనని చెప్పడం అది. ఆ బియ్యం వండి ఆమె అందరికీ పెడుతుంది. పద్దెనిమిదేళ్ళలో సరోజన వాడకట్టు ఆడవాళ్ళందరి ఒడిబియ్యం అన్నం తిన్నది. ఆమె మాత్రం ఎవరికీ పెట్టలేదు.

నేను మా వృత్తిలో అందరం చేసే పనే చేశాను. "సరోజనా, తల్లిగారిల్లు అంటే అది ఆత్మీయంగ చెప్పిన మాట," అన్నాను. మా వృత్తి భాషలో ఆత్మీయమంటే ఆప్యాయత కాదు, ఆత్మకు సంబంధించినది.

ఆమె మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగింది. "ఆత్మీయంగ అంటే ఉత్తగ అన్నట్టా అయ్యగారూ?"

ఆమే మళ్ళీ అంది. "ఇల్లు మంచిగనే కట్టినం. రెండర్రలు. గని ఒక్క పిడికెడన్న ఒళ్ళె పడకుంటె నేను గా ఇంట్ల కిరాయికున్నట్టే అనిపిస్తది."

తమ్ముళ్ళూ, 'ఆత్మీయంగా' అనే మాట మన చేతిలో గొడుగు లాంటిది. ఎవరైనా ఏదైనా అడగగానే తెరుస్తాం. తడిసేది అడిగినవాళ్ళు.

పసుపు మీద తీర్పు

మా గుడిలో ఒడిబియ్యం చేయవచ్చా అని పెద్దయ్యగారిని అడిగాను. అడగడం నా మొదటి తప్పు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. పైవాళ్ళను అడిగితే వద్దంటారు. వద్దనడానికే వాళ్ళను పైన పెడతారు.

ఆయన మాత్రం వద్దనలేదు. అంతకన్నా కష్టమైన మాట అన్నాడు. మా ఇంట్లో భోజనానికి కూర్చుని, కోడి తొడ ఎముక చప్పరిస్తూ తీర్పిచ్చాడు. "బియ్యం పోయుండ్రి, తప్పు లేదు. పసుపు కలుపకుండ్రి. పసుపు మనది కాదు."

అప్పుడు దానయ్య తల్లి బుచ్చవ్వ మా వంటింటి గుమ్మంలో ఉంది. ఆమె సరోజనకు అత్త. పద్దెనిమిదేళ్ళలో కోడలిని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు, 'గామె' అనేది. అయినా ఊరుకోలేకపోయింది.

"తెల్లబియ్యం ఒళ్ళె పోసుడా? యాడన్న సూసిన్రా అయ్యగారూ? గది శుభమా, సావా?"

పెద్దయ్యగారు నా వైపు చూశాడు. నేను సుగుణ వైపు చూశాను. సుగుణ చారు గిన్నె పట్టుకుని వచ్చింది. "పెద్దయ్యగారూ, మీరు తింటున్న కూరల పసుపుంది. కడుపుల పడితె లేని పాపం కొంగుల పడితె ఎట్లొస్తది? కూర తీసెయ్యమంటరా?"

పెద్దయ్యగారు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మా సంఘ చరిత్రలో సిద్ధాంత చర్చ ఇంత త్వరగా ముగిసింది ఆ ఒక్కసారే.

పసుపు తేలింది. పోసేవాళ్ళు తేలలేదు. ఆదివారం పెద్దలందరినీ కూర్చోబెట్టి, గుడి సరోజనకు తల్లిగారిల్లు, మనం తల్లిగారి తరపు వాళ్ళం అని చెప్పాను. సంఘ పెద్ద రాజమల్లు లేచాడు. దానయ్యకు పెద్దనాయిన వరస.

"అయ్యగారూ, గుడి ఆమెకు తల్లిగారిల్లయితే, దానయ్య గుడికి అల్లుడు. పుట్టిన్నుంచి గీ గోడలకు సున్నం కొట్టినోడు. ఇయ్యాల్టి సంది అల్లుడని కుర్సీ ఎయ్యాల్నా?"

దానయ్య వెనక నుంచి, "ఏస్తె కూసుంట పెద్దనాయినా," అన్నాడు.

అందరూ నవ్వారు గానీ చిక్కు విడలేదు. ఒకరు బాబాయి, ఒకరు మేనత్త, ఒకరు ఆడబిడ్డ. అందరూ దానయ్య తరపే. అత్తగారి తరపు వాళ్ళు ఒడిబియ్యం పోయడం ఎక్కడా లేదు. 'ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకు?' అని ఒకామె, 'పాపం గని వరస కలుస్తలేదు గదా' అని ఇంకొకామె. నా రెండో తప్పు అప్పుడు చేశాను. వరస కలవకపోతే నేనూ, సుగుణా అన్నా వదినలమై పోస్తామని మాటిచ్చాను. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఒక సంఘం చేయాల్సిన పని పాస్టరు చేస్తానంటే ఏ సంఘమూ అడ్డం చెప్పదు.

సామాను కోసం మహబూబ్ భాయ్ దుకాణానికి వెళ్ళాను. ఏ కులం ఏ పండుగకు ఏం కొంటుందో ఆయనకు తెలిసినంత మాకెవరికీ తెలియదు.

"ఒడిబియ్యమా? మీకు బిడ్డ లేదు గద అయ్యగారూ! ఎప్పుడు పుట్టింది?"

"ముప్పై ఎనిమిదేండ్ల కింద."

ఆయన నా వయసు లెక్క కట్టి, "ముబారక్," అన్నాడు. కుడుకలు మాత్రం ఏరి ఏరి మంచివి ఇచ్చాడు.

లోపల కూర్చున్న తల్లిగారు

ఇంటి ప్రార్థన నాడు పొద్దున్నే వెళ్ళాను. పాస్టరు ముందు వెళ్ళాలన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. సంఘమంతా వచ్చింది. ఇద్దరు పట్టే చోట నలుగురు కూర్చున్నారు. వాడకట్టు ఆడవాళ్ళు గోడవతల నిలబడి చూస్తున్నారు. ఎవరొస్తారో చూద్దామని వచ్చారు. పాట పాడాం. ప్రార్థన చేశాను. ఇల్లు దేవునికి అప్పగించాను. సరోజన తలంటు పోసుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని, పీట మీద కూర్చుంది. కొంగు పరిచింది.

నేను కుర్చీలోంచి లేచి, గోడ వారన పెట్టిన బియ్యం సంచి తీశాను.

గోడవతల నుంచి ఒకామె పక్కామెతో అంది, అందరికీ వినబడేలా. "తల్లిగారోళ్ళు ఇంట్లనే ఉన్నరేందే? బయటికెల్లి రారా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సరోజన తల దించుకుంది. కొంగు చివర చేత్తో ముడుస్తోంది, అంటే తీసేసుకుంటోంది.

మూడో తప్పు అర్థమైంది. తల్లిగారు బయటి నుంచి రావాలి. బండి దిగాలి, గడప దగ్గర ఆగాలి, బిడ్డ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళివ్వాలి. ఆమె అడిగింది బియ్యం కాదు. తన కోసం ఒక తొవ్వ నడిచి వచ్చేవాళ్ళను. మేమంతా లోపల కూర్చుని ఉన్నాం. నేనైతే కుర్చీలో.

ఏం చేయాలో తోచక ఇంకో ప్రార్థన మొదలు పెట్టబోయాను. బుచ్చవ్వ లేచింది. చెప్పులు వెతుక్కుంది. నా చేతిలోంచి సంచి లాక్కుని నెత్తి మీద పెట్టుకుంది.

"యాడికే అవ్వా?" అన్నాడు దానయ్య. మా వైపు అవ్వ అంటే అమ్మే.

"పోతున్న. మల్లొస్త. వచ్చేటప్పుడు నేను నీ అవ్వను కాను, యాదికుంచుకో."

బయటికి నడిచింది, గుడి వైపు. రాజమల్లు ఒక నిమిషం కూర్చుని, తువ్వాల దులిపి ఆమె వెనక వెళ్ళాడు. తరువాత ఆయన భార్య. తరువాత అందరూ. ఇల్లు ఖాళీ అయింది. దానయ్య, సరోజన, పొయ్యి మీద కూర, నేను మిగిలాం. సుగుణ గేటు దగ్గర నుంచి కేకేసింది. "మీరు అల్లుని తరపా? లేవుండ్రి!" లేచి పరిగెత్తాను.

గుడి గోడ ముట్టుకుని వెనక్కి తిరిగాం. దూరం రెండు వందల అడుగులు ఉంటుందేమో. అంత దూరానికి అంత మంది వరసగా నడుస్తుంటే బాయి నుంచి షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు ఏమైందోనని సైకిళ్ళు ఆపారు. నేను చాలా సువార్త యాత్రలు చేశాను. అన్నిట్లోకీ పొట్టిది, దేవుని రాజ్యానికి దగ్గరగా వెళ్ళిందీ అదే.

సరోజన గడపలోకి చెంబుతో వచ్చింది. ముందు బుచ్చవ్వ నిలబడి ఉంది, నెత్తి మీద సంచితో, ముఖం ఎప్పటిలాగే చిటపటలాడుతూ.

"అత్తమ్మా..." అంది సరోజన.

"అత్తమ్మ యాడిది? అత్త ఊరికి పోయింది. నేను మీ అవ్వను. నీళ్ళియ్యి, కాళ్ళు కాలుతున్నయ్."

"యాడికెల్లి వస్తున్నరవ్వా?" చెంబు వంచుతూ అడిగింది సరోజన.

"గుడి కాడికెల్లి. శాన దూరం. పద్దెనిమిదేండ్లు పట్టింది."

చెంబులో నీళ్ళు సగం కాళ్ళ మీద, సగం గడప మీద పడ్డాయి. మొదటి దోసిలి బుచ్చవ్వ పోసింది. రెండోది నేను, సుగుణ. తరువాత రాజమల్లు, ఆడబిడ్డ, మేనత్త, వరస కలవదన్నామె, అందరూ. చివరికి వాడకట్టు ఆడవాళ్ళు గోడ దాటి వచ్చి తలో పిడికెడు పోశారు.

అప్పుడు చూశాను. బోరింగు పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో పాత సంచి. వేళ్ళకు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి. సరోజన అన్న. ఎవరో చెబితే మొదటి బస్సుకు బయల్దేరి వచ్చాడట. సంచిలోంచి తాను నేసిన చీర తీశాడు. ఏమీ మాట్లాడకుండా చెల్లె ఒళ్ళో పెట్టి, చివరి దోసిలి పోసి, కళ్ళు తుడుచుకున్నాడు. ఇల్లంతా ఏడ్చింది.

బియ్యం ఎంతైందంటే సరోజన లేవలేకపోయింది. నలుగురం పట్టి లేపాం. మూడో రోజు ఆ బియ్యం వండి సంఘానికంతా పెట్టింది. నా ఉద్యోగంలో చాలా ప్రేమవిందులు చూశాను. ఒకే కుటుంబమని పాడి, ఎవరి వాడ వాళ్ళు ఎవరి పక్కన కూర్చోవాలో చూసుకుని కూర్చునే విందులు. ఆ పచ్చన్నం తిన్న నాడు మాత్రం ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఎవరూ చూడలేదు. బుచ్చవ్వ మర్నాటికి మళ్ళీ అత్త అయిపోయింది. కానీ కోడలిని పేరు పెట్టి తిట్టడం మొదలు పెట్టింది.

ఒప్పుకోలు

మొదట్లో ప్రమాణం చేశాను కాబట్టి ఇప్పుడు ఒప్పుకోవాలి. జీపులో ఇరవై ముగ్గురం కాదు, ఇరవై ఒక్కరం. మేక ప్రసంగం మొత్తం తినలేదు, ముగింపు మిగిలింది. పెద్దయ్యగారు, పసుపు, మహబూబ్ భాయ్ ముబారక్, బుచ్చవ్వ నడక, ఇవన్నీ జరిగినవే. నమ్మశక్యంగా లేనివన్నీ నిజాలు.

నమ్మదగినట్టున్న ముక్క ఒకటుంది. అదే అబద్ధం.

సరోజన అన్న రాలేదు. ఆ రోజు రాలేదు, తరువాత కూడా రాలేదు. ఈ సంగతి పది ఊళ్ళలో ప్రసంగంలో చెప్పాను. ప్రతిసారీ ఆయన్ని బోరింగు పక్కన నిలబెట్టాను. ఒకసారి చీర రంగు ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ. ఆయన రాగానే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆయన లేకుండా చెబితే ఏదో తక్కువైనట్టుండేది.

మొన్న సరోజన మమ్మల్ని చూడడానికి వచ్చింది. రాసింది చదివి వినిపించాను, నా మెల్లని గొంతుతో. బుచ్చవ్వ మాటల దగ్గర నవ్వింది. బుచ్చవ్వ ఇప్పుడు లేదు. అన్న వచ్చిన దగ్గర నవ్వు ఆపింది.

"మా అన్న యాడికెల్లి వచ్చిండు అయ్యగారూ?"

"కథకు మంచిగుంటదని..."

"గా రోజు ఒళ్ళె గంత బరువుండె. మీరు సాలరని నేనన్ననా?"

"అనలే."

"నేను తొవ్వ దిక్కు సూడనే సూడలే. మీరు సూసిన్రా?"

సుగుణ నా వైపు చూస్తోంది. గుడి తల్లిగారిల్లు అని ఇరవై ఎనిమిదేళ్ళు చెప్పినవాణ్ణి. చేతిలో దోసెడు పసుపు బియ్యం పట్టుకుని, అవి ఆమె కొంగులో పోస్తూ కూడా, అసలు వాళ్ళెవరైనా వస్తారేమోనని తొవ్వ వైపు చూసింది నేనొక్కణ్ణే.